ఎంత శాతం తగ్గింది? పక్షవాతం తర్వాత కోలుకోవడాన్ని నేను కొలిచే పద్ధతి

"ఎంత శాతం తగ్గిందండీ?" పక్షవాతం వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఇదే. అడగడంలో తప్పేమీ లేదు. ఒకే ఒక్క అంకెతో జవాబు చెప్పేయడంలోనే ఉంది తప్పంతా. రోజువారీ పనులకు మార్కులు వేసే బార్తెల్ ఇండెక్స్‌లో 100కి 100 తెచ్చుకున్న మనిషి కుడి చేతి వేళ్లు ఒక్కటి కూడా తెరుచుకోకపోవచ్చు. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, అన్నీ ఎడమ చేత్తో నెట్టుకొచ్చేయొచ్చు కాబట్టి ఆ స్కేలుకు ఈ సంగతి పట్టదు. ఇంకొకరికి చేతి కదలిక స్కోరు పది పాయింట్లు పెరుగుతుంది, ఇంట్లో మాత్రం ఆ చేయి ఒళ్లోనే పడి ఉంటుంది. రెండు కాగితాల మీదా అంకెలు నిజమే. వాటిని "కోలుకోవడం" అని చదివితేనే అబద్ధమవుతాయి.

అందుకే నేను మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకుంటాను. శరీరం ఏం కదపగలుగుతోంది? ఆ శరీరంతో మనిషి ఏ పని చేయగలుగుతున్నాడు? చేయగలిగిన దాంట్లో ఇంట్లో నిజంగా ఎంత చేస్తున్నాడు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన ఐసీఎఫ్ వర్గీకరణ కూడా దాదాపు ఇలాగే విడదీస్తుంది. మూడింటికీ మూడు రకాల కొలబద్దలు కావాలి. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే లెక్క అక్కడే తప్పుతుంది.

ముందు తేదీలు. సున్నా రోజు అంటే ఆసుపత్రిలో చేరిన రోజు కాదు, పక్షవాతం వచ్చిన రోజు. నిద్రలో వచ్చి ఉంటే, ఆ మనిషి మామూలుగా ఉండగా చివరిసారి చూసిన సమయం రాసుకుంటాను. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి కాలాన్ని ఇలా విభజించింది: మొదటి 24 గంటలు అతి తీవ్ర దశ, 7 రోజుల దాకా తీవ్ర దశ, 3 నెలల దాకా తొలి ఉపతీవ్ర దశ, 6 నెలల దాకా మలి ఉపతీవ్ర దశ, ఆ తర్వాతది దీర్ఘకాలిక దశ. నేను కొలిచేది మూడో రోజు, ఏడో రోజు, నాలుగో వారం, మూడో నెల, ఆరో నెల, ఆ తర్వాత ఏడాదికి. మొదటి రోజు స్కోరును పోల్చడానికి ఆధారంగా తీసుకోను. మెదడు వాపు, రక్త ప్రసరణ, మగత, వీటన్నిటి వల్ల తొలి రెండు రోజులూ అంకెలు ఊగిసలాడుతూనే ఉంటాయి. ఆ ఊపులో దొరికిన అంకెను అడుగున పెట్టుకుంటే తర్వాత వచ్చే ప్రతి "మెరుగుదల" మీదా అనుమానమే.

మూడో రోజు పని పది నిమిషాలే, కానీ చాలా విలువైనది. రెండు కదలికలు చూస్తాను: భుజాన్ని పక్కకు ఎత్తడం, ముడిచిన వేళ్లను చాపడం. రెండింటికీ ఎంఆర్‌సీ బలం కొలమానంలో 0 నుంచి 5 దాకా గ్రేడు ఇచ్చి కలుపుతాను. 10కి వచ్చే ఈ మొత్తాన్ని సేఫ్ స్కోరు అంటారు. మూడో రోజుకే 5 గానీ అంతకుమించి గానీ ఉంటే చేయి బాగా తిరిగి వచ్చే అవకాశం మెండుగా ఉంటుంది. 5 కన్నా తక్కువైతే చేయి రాదని కాదు. మెదడు నుంచి చేతికి వెళ్లే దారి బతికే ఉందో లేదో, తల మీది నుంచి మెదడుకు అయస్కాంత తరంగం పంపి చేతి కండరం స్పందిస్తుందో చూసే పరీక్షతో (ఇది ఎంఆర్ఐ కాదు) చూస్తే తప్ప ఏమీ చెప్పలేం. 2010లో వచ్చిన డచ్ అధ్యయనం ఒకటి, 72 గంటల్లోపు వేళ్లు కాస్త చాపగలిగి, భుజం కాస్త ఎత్తగలిగినవాళ్లకు ఆరు నెలలకు చేతి నైపుణ్యం ఎంతో కొంత తిరిగి వచ్చే సంభావ్యత 98 శాతం అనీ, రెండూ లేనివాళ్లకు 25 శాతం అనీ తేల్చింది. "ఎంతో కొంత" అన్న మాట గీత గీసి మరీ చదవాలి. 98 శాతం మందికి చేయి మామూలైపోతుందని దాని అర్థం కాదు.

ఇక్కడ మోసపోయేది భుజం దగ్గర. చేయి పక్కకు ఎత్తమంటే చాలామంది భుజాన్ని చెవి వైపు లాగేసి, నడుమును అవతలికి వంచేస్తారు. చేయి లేచినట్టే కనిపిస్తుంది. అందుకని నా ఒక చెయ్యి వాళ్ల భుజం పైన ఆనించి ఉంచి, డెల్టాయిడ్ కండరం గట్టిపడుతోందో లేదో వేలితో తడిమి చూస్తాను. వేళ్ల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. మణికట్టు కిందికి వాలిపోతే వేళ్లు వాటంతటవే కాస్త తెరుచుకుంటాయి, కండరం పనేమీ లేకుండానే. మణికట్టును నిటారుగా పట్టుకుని ఆపాకే వేళ్లు చూడాలి.

ఇదే వారంలో పక్షవాతం తీవ్రతకు మార్కులు వేసే ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ స్కేలు ఉంటుంది, 0 నుంచి 42 దాకా, అంకె పెరిగితే తీవ్రత ఎక్కువ. చేయి చాచి పట్టుకోమని 10 సెకన్లు, కాలు ఎత్తి పట్టుకోమని 5 సెకన్లు పైకి వినబడేలా లెక్కపెట్టాలి. మొదటి ప్రయత్నానికే మార్కు, సాయం చెప్పకూడదు. జాలిపడి రెండోసారి చేయనిచ్చారా, ఆ అంకె ఇక ఎవరి అంకెతోనూ పోలదు. ఈ స్కేలు పుట్టింది తీవ్రత తెలుసుకోవడానికి, కోలుకోవడం తెలుసుకోవడానికి కాదు. 42లో 7 పాయింట్లు భాషతో ముడిపడినవైతే, ఒక పక్కనున్నది మెదడు పట్టించుకోకపోవడానికి ఉన్నవి 2 మాత్రమే. కాబట్టి మెదడు కుడి భాగం దెబ్బతిన్న మనిషికి అంతే పెద్ద గాయానికీ తక్కువ స్కోరు వస్తుంది. చేతి వేళ్ల బలహీనతకు ఇందులో చోటే లేదు. స్కోరు సున్నాకు వచ్చిందని సంబరపడిన మనిషి గుండీ పెట్టుకోలేకపోవడం వింతేమీ కాదు.

ఏడో రోజు నుంచి అసలు కొలతలు. చేతి కదలికకు నేను నమ్ముకున్నది ఫ్యూగల్-మేయర్ పరీక్ష. 1975లో స్వీడన్‌లో తయారైంది. చేతికి 66, కాలికి 34, కలిపి 100. ఒక్కో అంశానికి 0, 1 లేదా 2: చేయలేకపోతే 0, కొంత చేస్తే 1, పూర్తిగా చేస్తే 2. కావలసిన సామాను కొంచెమే: రిఫ్లెక్స్ సుత్తి, ఒక కాగితం, పెన్సిల్, చిన్న గుండ్రటి డబ్బా, టెన్నిస్ బంతి, స్టాప్‌వాచ్. అరగంట పడుతుంది. తొందరపడి పావుగంటలో ముగిస్తే మణికట్టు, వేళ్ల దగ్గర అంచనాగా మార్కులు వేయడం మొదలవుతుంది. మార్పు తెలియాల్సిందే అక్కడ.

ఇందులో ఎక్కువగా జరిగే తప్పులు రెండు. మొదటిది రిఫ్లెక్స్ మార్కులు. ఏ కదలికా లేని చేతికి కూడా సుత్తితో తడితే స్పందన వచ్చిందంటే 4 పాయింట్లు పడతాయి. కాబట్టి 66లో 4 అంటే "కొంచెం కదులుతోంది" అని కాదు, అసలు కదలడం లేదని. భుజం, మోచేయి భాగం చివర్లో ఉండే సాధారణ రిఫ్లెక్స్ అంశాన్ని దాని ముందు భాగంలో పూర్తి మార్కులు వచ్చినవాళ్లకే పరీక్షించాలి. అది మరిచి అందరికీ వేసేస్తుంటారు. రెండో తప్పు మనిషి కూర్చునే తీరు. వీపు వాల్చుకునే కుర్చీలో ఒకసారి, మంచం అంచున ఒకసారి కొలిస్తే తేడా వచ్చేది నడుము పట్టులో, చేతిలో కాదు. ఏ కుర్చీలో కూర్చోబెట్టారో కాగితం పైనే రాసి ఉంచాలి.

దీర్ఘకాలిక దశలో ఉన్నవాళ్లకు చేతి ఫ్యూగల్-మేయర్‌లో సుమారు 5 పాయింట్లు పెరిగితే గానీ అది మనిషికి తెలిసే మార్పు కాదని చెబుతారు. పనిని బట్టి ఆ గీత 4 నుంచి 7 దాకా జరుగుతుంది. రెండు పాయింట్లు పెరిగిందని "బాగుపడుతున్నారు" అనేయడం, రెండు తగ్గిందని బెంబేలెత్తడం, రెండూ ఒకటే పొరపాటు.

ఒక పక్కమాట. "మొదట్లో పోయినదాంట్లో 70 శాతం మూడు నెలల్లో తిరిగి వస్తుంది" అనే సూత్రం బాగా ప్రచారంలో ఉంది. లెక్క తేలికే: 66లో 20 దగ్గర మొదలైతే లోటు 46, అందులో 70 శాతం 32, కాబట్టి 52 దాకా వెళ్లాలి. 2019లో వెలువడిన విశ్లేషణలు దీనిలో ఒక గణిత లొసుగును బయటపెట్టాయి. మొదటి స్కోరు లోటులోనూ ఉంది, మార్పులోనూ ఉంది. ఒకే అంకె రెండు పక్కలా కూర్చుంటే సంబంధం గట్టిగా కనిపించక ఏమవుతుంది? పైగా 66 దాటి ఎవరూ వెళ్లలేరు, పై అంచు దగ్గర అందరూ గుంపు కడతారు. ఆ సూత్రంతో ఒక్క మనిషికి మాట ఇవ్వడం నేను చేయను.

పని చేయగలగడాన్ని చూడటానికి యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్ట్ (ఏఆర్‌ఏటీ) వాడతాను. 19 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 57. చెక్క దిమ్మెలు, గోళీలు, గొట్టాలు, నీళ్లు పోసే గ్లాసులు ఉంటాయి. అరచేత్తో పట్టడం, గుప్పిట పట్టడం, వేలికొసలతో పట్టడం, చేయి మొత్తం కదపడం, ఇవి నాలుగు భాగాలు. ప్రతి భాగంలోనూ ముందు అన్నిటికన్నా కష్టమైనది చేయించాలి. అందులో 3 వస్తే ఆ భాగం మొత్తానికీ పూర్తి మార్కులు. రాకపోతే రెండోది, అంటే అన్నిటికన్నా తేలికైనది. అందులోనూ 0 అయితే ఆ భాగానికే సున్నా. ఈ ఏర్పాటు వల్ల చేయి బాగున్నవాళ్లకూ, అసలు రానివాళ్లకూ పరీక్ష నిమిషాల్లో ముగిసిపోతుంది. 5 సెకన్లలోపు మామూలుగా చేస్తే 3, 60 సెకన్లలోపు ఇబ్బందిగానైనా పూర్తి చేస్తే 2, సగంలో ఆగితే 1. స్టాప్‌వాచ్ లేకుండా 2కీ 3కీ మధ్య గీత గీయలేం. వీపు కుర్చీకి ఆనించే ఉండాలి. ముందుకు వంగి అందుకుంటే దిమ్మె అరలోకి చేరుతుంది గానీ మోచేయి చాపింది లేదు.

కోలుకోవడం అంటే పాత పద్ధతిలో పని మళ్లీ చేయడమా, కొత్త అడ్డదారిలో చేయడమా? నడుము వంచి, భుజం ఎగరేసి, కప్పు అందుకుంటే పని అయింది, మోచేయి మాత్రం కోలుకోలేదు. పని కావాల్సిన మనిషికి అడ్డదారి తప్పేమీ కాదు. ఆరో నెల దాటాక చాలాసార్లు నేనే నేర్పిస్తాను కూడా. కానీ రెండింటినీ ఒకే అంకెలో కలిపేస్తే చికిత్స ఏం సాధించిందో ఎప్పటికీ తెలియదు. అందుకని దిమ్మె ఎత్తే దృశ్యాన్ని ఫోనుతో పక్కనుంచి వీడియో తీసి ఉంచుతాను, ప్రతిసారీ అదే కోణం, అదే దూరం. మొదటి నెల వీడియోనూ మూడో నెల వీడియోనూ పక్కపక్కన పెట్టి చూస్తే నడుము ఎంత వంగుతోందో ఇట్టే తెలిసిపోతుంది. ఏ స్కోరూ అంత చెప్పదు.

వేగం కావాలంటే బాక్స్ అండ్ బ్లాక్ ఉంది. మధ్యలో అడ్డుపలక ఉన్న పెట్టె, 150 చిన్న ఘనాలు, 60 సెకన్లు. ఒక్కొక్కటిగా అవతలికి వేయాలి. రెండు కలిపి పట్టుకెళ్తే ఒకటిగానే లెక్క. వేలికొసలు అడ్డుపలక దాటకుండా విసిరేస్తే లెక్కలోకి రాదు. పలకలోని రంధ్రాల్లో చిన్న పుల్లలు (పెగ్గులు) పెట్టి తీసే తొమ్మిది రంధ్రాల పెగ్ టెస్ట్ ఇంకా సున్నితమైనది, కానీ చేయి ఓ మోస్తరుగా వచ్చాకే పనికొస్తుంది. పూర్తి చేయలేని మనిషికి "చేయలేదు" అని వదిలేయకుండా, ఎన్ని సెకన్లలో ఎన్ని పెగ్గులు పెట్టారో రాస్తే తర్వాతి నెల పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

నడకకు టేపు, స్టాప్‌వాచ్ చాలు. 14 మీటర్ల తిన్నటి దారి, రెండు చివర్లా 2 మీటర్ల చొప్పున వదిలేసి మధ్య 10 మీటర్లకే సమయం తీస్తాను. మొదటి రెండు మీటర్లూ వేగం అందుకోవడానికి, చివరి రెండూ ఆగడానికి. అవి వదలకపోతే కొలిచేది నడకను కాదు, మొదలుపెట్టడాన్నీ ఆగడాన్నీ. ముందు కాలు గీత దాటగానే నొక్కాలి, అవతలి గీతను మళ్లీ ముందు కాలు దాటగానే ఆపాలి. "మీకు హాయిగా ఉండే వేగంతో నడవండి" అని ప్రతిసారీ అవే మాటలు చెబుతాను. రెండోసారి "ఎంత వేగంగా వీలైతే అంత, పడకుండా" అంటాను. రెండు వేగాలూ వేర్వేరు వరసల్లో రాస్తాను. మూడుసార్లు నడిపించి సగటు తీస్తాను.

నేను పక్కన నడిస్తే వాళ్లు నా వేగంతో నడుస్తారు. అందుకే అర అడుగు వెనక ఉంటాను, పట్టుకోవాల్సి వస్తే అందేంత దూరంలో. కర్ర, చీలమండ బ్రేసు, బూట్లు, ఎవరైనా చేయి పట్టుకున్నారా, ఇవన్నీ పక్కన రాయాలి. బ్రేసుతో ఒకసారి, లేకుండా ఒకసారి కొలిచి తేడాను వ్యాయామం ఖాతాలో వేయడం నేను తరచూ చూసే పొరపాటు. నడవలేని మనిషి గడిని ఖాళీగా వదలకూడదు, 0 అని రాయాలి. ఖాళీలు వదిలేస్తే గుంపు సగటు చూసేటప్పుడు నడవగలిగినవాళ్లే మిగిలి, అందరూ బాగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

10 మీటర్లకు 25 సెకన్లంటే సెకనుకు 0.40 మీటర్లు. 18 సెకన్లంటే 0.56. ఈ 0.16 తేడాయే తొలి రెండు నెలల్లో మనిషికి నిజంగా తెలిసొచ్చే మార్పుకు గుర్తుగా వాడతారు. స్థూలంగా 0.4 కన్నా తక్కువ వేగమున్నవాళ్లు ఇంటి గోడల మధ్యే తిరుగుతారు, 0.4 నుంచి 0.8 మధ్య ఉన్నవాళ్లు బయట కొంతమేర, 0.8 దాటితే బయట స్వేచ్ఛగా. గీతలు మాత్రం గోడలు కావు. 0.85తో నడిచే మనిషి పడతాననే భయంతో గడప దాటకపోవచ్చు. ఆరు నిమిషాల నడక పరీక్ష వేరే సంగతి చెబుతుంది, ఓపిక ఎంత అని. దానికి 30 మీటర్ల దారి ఉండాలి. 10 మీటర్ల వరండాలో చేయిస్తే మలుపులకే సమయం పోయి దూరం తగ్గుతుంది. నెల తర్వాత పెద్ద వరండాలో చేయిస్తే కాలు బాగుపడినట్టు కనిపిస్తుంది.

తూలకుండా నిలబడే పట్టుకు బెర్గ్ స్కేలు, 14 అంశాలు, 56 మార్కులు. 45 కన్నా తక్కువైతే పడే ప్రమాదం ఎక్కువని అంటారు గానీ ఆ ఒక్క గీతను నమ్మి కర్ర తీసేయను. కండరాల బిగుతుకు మోడిఫైడ్ ఆష్‌వర్త్ రాస్తాను. అది బిగుతును చెబుతుంది గానీ సామర్థ్యాన్ని కాదు. 1కీ 2కీ మధ్య "1+" అనే మెట్టు ఉంది కాబట్టి సగటు తీయడానికి కూడా పనికిరాదు.

బార్తెల్, రాంకిన్ స్కేళ్ల మీద నాకు కోపం లేదు, వాటిని వాడే తీరు మీదే. బార్తెల్ 1965లో వచ్చింది. 10 అంశాలు, 5 మార్కుల మెట్లు. మార్కు వేయాల్సింది మనిషి ఏం చేయగలడో చూసి కాదు, నిన్నా మొన్నా నిజంగా ఏం చేశాడో చూసి. ఇంట్లోవాళ్లు ప్రేమతోనో తొందరతోనో తామే బట్టలు తొడిగేస్తుంటే, తొడుక్కోగల మనిషికి కూడా పూర్తి మార్కు రాదు. ఆ సంగతి రాసి పెట్టుకుంటే అదే ఒక చికిత్స లక్ష్యం అవుతుంది. రాంకిన్ 0 నుంచి 6 దాకా: 0 అంటే ఏ లక్షణమూ లేదు, 6 అంటే మరణం. 2 అంటే పాత పనులన్నీ చేయలేకపోయినా తన పనులు తాను చూసుకుంటాడు, 3 అంటే కొంత సాయం కావాలి కానీ మనిషి ఆసరా లేకుండా నడుస్తాడు, 4 అంటే ఆసరా లేకుండా నడవలేడు. 2కీ 3కీ మధ్య ఇద్దరు డాక్టర్లకు కుదరకపోవడం మామూలే. చికిత్సలను పోల్చే పెద్ద అధ్యయనాలు చాలావరకు 90 రోజుల దగ్గర దీన్నే వాడతాయి, అక్కడ వేలమందిని పోల్చాలి కాబట్టి సరిపోతుంది. ఒక్క మనిషి నెలనెలా ఎలా మారుతున్నాడో తెలుసుకోవడానికి ఏడే మెట్లున్న నిచ్చెన చాలదు. పక్షవాతం రాకముందు ఆ మనిషి రాంకిన్ ఎంతో మొదటి వారంలోనే అడిగి రాసుకోవాలి. ముందే 2లో ఉన్న మనిషిని 0కి చేర్చలేదని బాధపడటంలో అర్థం లేదు.

"మూడు నెలలు దాటాక ఇక మార్పు ఉండదు" అనే మాటకు మూలాల్లో ఒకటి 1995 నాటి కోపెన్‌హాగన్ అధ్యయనం. 95 శాతం మంది రోజువారీ పనుల్లో తమ అత్యుత్తమ స్థితికి 12.5 వారాల్లో చేరుకున్నారని అందులో ఉంది. కొలిచింది బార్తెల్‌తో. 100 దగ్గర నిచ్చెన అయిపోతే మనిషి పైకి వెళ్లలేదంటామా, నిచ్చెన పొట్టిదంటామా? వేగంగా వచ్చే మార్పు తొలి మూడు నెలల్లోదే, అందులో సందేహం లేదు. ఆ తర్వాత సున్నా అని చెప్పడానికి మాత్రం ఆ కొలబద్ద చాలదు.

మూడో ప్రశ్న, ఇంట్లో నిజంగా ఏం జరుగుతోంది అన్నది, చాలామంది అడగనే అడగరు. పరీక్ష గదిలో చేయి చేసే పనికీ ఇంట్లో చేసే పనికీ మధ్య పెద్ద అగాధమే ఉంటుంది. మోటార్ యాక్టివిటీ లాగ్‌లో ఒక్కో పనికీ చేతిని ఎంత తరచుగా, ఎంత బాగా వాడారో 0 నుంచి 5 దాకా అడుగుతారు. ఇది మనిషి జ్ఞాపకం, తోడున్నవాళ్ల మనసు, రెండింటి మీదా ఆధారపడుతుంది. తోడున్నవాళ్లు సాధారణంగా పేషెంట్ కన్నా తక్కువ మార్కు వేస్తారు. కాబట్టి ఎవరు జవాబు చెప్పారో రాసి, తర్వాత కూడా వాళ్లనే అడుగుతాను.

అంతకన్నా మేలు రెండు మణికట్లకూ కదలికను నమోదు చేసే సెన్సర్లు కట్టడం. కనీసం మూడు రోజులు, మెలకువగా ఉన్నంతసేపూ. దెబ్బతిన్న చేయి కదిలిన గంటలను రెండో చేయి గంటలతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు 0.95. రెండు చేతులూ రోజంతా దాదాపు సమానంగా పనిచేస్తాయన్నమాట. నడిచేటప్పుడు చేయి ఊగినా సెన్సర్ లెక్క వేస్తుంది కాబట్టి, నడక పెరిగితే చేతి అంకె కూడా ఊరికే పెరగొచ్చు. ఏ గంటల్లో నడిచారో రాయించుకుంటే దాన్ని విడదీయవచ్చు. అడుగులు లెక్కించే పరికరం విషయంలో మణికట్టు గడియారాన్ని నమ్మకండి, నెమ్మది నడకలో అది చాలా అడుగులు వదిలేస్తుంది. బాగున్న కాలి చీలమండకు కడితే నయం.

మాట, దృష్టి, మనసు. వీటిని చివరికి వదిలేస్తే పై అంకెలన్నీ చెడతాయి. మాట అర్థం కాని మనిషికి జ్ఞాపకం, ఆలోచన చూసే మోకా లాంటి పరీక్ష పెడితే 30లో వచ్చే తక్కువ మార్కు జ్ఞాపకం గురించి ఏమీ చెప్పదు. ఎడమ పక్కను పట్టించుకోని మనిషి ఎడమ చేయి వాడకపోవడం బలహీనత వల్ల కాకపోవచ్చు. నక్షత్రాల బొమ్మలున్న కాగితం ఒకటి ముందు పెట్టి, వాటిని పెన్నుతో కొట్టేయమని, ఎడమ పక్కవి ఎన్ని వదిలేశారో లెక్కపెడితే అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. కాగితం సరిగ్గా ఛాతీకి ఎదురుగా ఉండాలి, మనిషి తనంతట తాను పక్కకు జరిపేయకుండా చూడాలి. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఏదో ఒక దశలో డిప్రెషన్ వస్తుంది. డిప్రెషన్‌ను పసిగట్టే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో నిద్ర, ఆకలి, అలసట ప్రశ్నలకు జవాబు పక్షవాతం వల్లే ఎక్కువ రావచ్చు కాబట్టి, మొత్తంతో పాటు దిగులు, ఆసక్తి లేకపోవడం అనే మొదటి రెండు ప్రశ్నల మార్కులు వేరుగా చూస్తాను. ఇవి పెరిగిన నెలలో నడక వేగం ఆగిపోతే కాలిని అనుమానించే ముందు మనసును అడగాలి.

కాగితం చదవడం ఎలాగో ఒక కల్పిత ఉదాహరణతో చెబుతాను. ఏడో రోజు, మూడో నెల, ఆరో నెల అంకెలు వరసగా ఇవి అనుకోండి. చేతి ఫ్యూగల్-మేయర్ 22, 38, 40. ఏఆర్‌ఏటీ 6, 24, 33. మామూలు నడక వేగం 0.20, 0.58, 0.66. బార్తెల్ 45, 95, 100. చేతి వాడకం నిష్పత్తి 0.25, 0.35, 0.36. బార్తెల్ ఒక్కటే చూస్తే పూర్తిగా నయమైనట్టు. మూడో నెల తర్వాత ఫ్యూగల్-మేయర్‌లో వచ్చిన 2 పాయింట్లు కొలత తప్పులోనే కలిసిపోతాయి. కానీ ఏఆర్‌ఏటీ 9 పెరిగింది. అక్కడ 6 దాటితే లెక్కలోకి తీసుకోవచ్చు. కదలిక మారకుండా పని పెరిగిందంటే అడ్డదారి నేర్చుకున్నారన్నమాట, వీడియో చూస్తే ఆ నడుము వంపు దొరుకుతుంది. నడకలో చివరి 0.08 మీద నేను పందెం కాయను. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరి వరస: పరీక్ష గదిలో చేయి ఇంత చేస్తున్నా ఇంట్లో వాడకం కదల్లేదు. ఈ మనిషికి ఇంకా వ్యాయామాలు రాయడం కన్నా, ఇంట్లో ఏ అయిదు పనులకు ఆ చేయి తప్పనిసరిగా వాడాలో రాసివ్వడం మేలు. "ఎంత శాతం" అని అడిగినవాళ్లకు నేను చదివి వినిపించేది ఈ అయిదు వరసలే.

రెండుసార్లు వరసగా అంకె కదలకపోతే "ఆగిపోయింది" అని రాసే ముందు కొన్ని చూస్తాను. స్కేలు పై అంచు తగిలిందా? భుజం నొప్పి ఉందా? కొత్తగా మగత తెచ్చే మందు మొదలైందా? మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా, నిద్ర సరిగా పడుతోందా? బిగుతుకు బొట్యులినమ్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే దాని ప్రభావం నాలుగు నుంచి ఆరు వారాల దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. ఒక కొలత ఆ శిఖరం మీద, ఇంకొకటి మందు దిగిపోయాక తీస్తే రెండింటినీ పోల్చలేం. ఉదయం కొలిచినవాళ్లను మళ్లీ ఉదయమే కొలవాలి. సాయంత్రానికి అలసట పాయింట్లు మింగేస్తుంది.

అంకె పడిపోతే మాత్రం వేరే నియమం. వారాల మీద నెమ్మదిగా తగ్గితే పై జాబితా. నిన్న 0.6తో నడిచిన మనిషి ఇవాళ నిలబడలేకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, మూతి ఒక పక్కకు లాగినా పరీక్ష అక్కడికక్కడే ఆపేస్తాను. మామూలుగా ఉన్నది చివరిగా ఎప్పుడు చూశారో తోడున్నవాళ్లను అడిగి, ఆ సమయం కాగితం మీద రాసి, దానితోనే ఎమర్జెన్సీకి పంపిస్తాను.